రసీదు పుస్తకం

ఎవరిదని అడగకూడదు. ఎక్కడిదని అడగకూడదు.
పైనుంచి వచ్చిన ఉత్తర్వులో మొదటి మాట అదే.
నెల రోజుల గడువు.
మొరావా నది ఒడ్డున, సెర్బియాలో
రైలు ఆగినా ఎవరూ దిగని ఊళ్లో
పోలీసు స్టేషను కిటికీ పక్కన ఒక బల్ల,
బల్ల మీద కార్బన్ కాగితం,
దాని వెనక నేను.

మొదటి రోజు పిట్ట కూడా వాలలేదు.
రెండో రోజు రదోయ్కా వచ్చింది
చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు
దుప్పట్లో చుట్టిన తుపాకీ ఎత్తుకుని.
"మా ఆయన పోయి పదకొండేళ్లు.
బీరువా వెనక ఇది మాత్రం బతికే ఉంది."
రసీదు చింపి ఇస్తే నాలుగు మడతలు పెట్టి
కోటు లోపలి జేబులో దాచుకుంది.
గడప దాకా వెళ్లి వెనక్కొచ్చింది.
"దుప్పటి ఇచ్చెయ్యమ్మా. అది నాది."

ఆ తర్వాత వరస కట్టారు.
ఒకతను మిరప పచ్చడి సీసాలో గ్రెనేడ్ తెచ్చాడు.
మూత గట్టిగా బిగించి ఉంది,
వాళ్లావిడ రాసిన పాత చీటీ అలాగే ఉంది.
మేమంతా గోడకి బల్లుల్లా అతుక్కుపోయాం.
"సీసా కడిగే తెచ్చాను" అన్నాడు, నొచ్చుకున్నట్టు.

బయట మెట్ల మీద మాత్రం రోజూ తగువే.
వుకాషిన్ లోపలికి రాడు, ఇంటికీ పోడు.
"అడవిపందులు మొక్కజొన్న చేలో దిగితే
మీ చట్టాన్ని కేకేసి పిలవనా?
దొంగ రసీదు తీసుకోడు.
తీసుకునేది మనలాంటి వెర్రిబాగులవాళ్లే.
మా తాత కూడా ఇలాగే నమ్మి ఇచ్చేశాడు.
ఆ చలికాలమే వాళ్లొచ్చారు."
ఎవరొచ్చారని ఎవరూ అడగలేదు.
మా వైపు 'వాళ్లు' అంటే చాలు,
ఒక్కో ఇంట్లో ఒక్కో పేరు.

లెక్కల టీచరు స్లావెంకా
సైకిలు దిగకుండానే ఒక కాలు నేల మీద ఆన్చి అంది:
"పందుల సంగతి నాకు తెలీదు వుకాషిన్.
ఏడో తరగతి, మూడో బెంచీ సంగతి తెలుసు.
పెళ్లి సంబరంలో మీరంతా ఆకాశాన్ని కాల్చారు.
ఆకాశానికేం కాలేదు."

అతను సిగరెట్టు వెలిగించబోయి ఆగాడు.
ఒప్పుకున్నాడని కాదు.
మర్నాడు అదే మెట్టు మీద కూర్చుని
అదే మాట అన్నాడు, కాస్త గొంతు తగ్గించి.

నన్నెవరూ అడగలేదు. అడిగితే
వుకాషిన్ మాట వింటున్నంతసేపూ వుకాషిన్ దే నిజం,
సైకిలు మలుపు తిరిగేదాకా స్లావెంకాది నిజం.
గుమాస్తాకి ఇవేవీ అక్కర్లేదు:
రకం, నంబరు, తేదీ.
తుప్పు ఉంటే ఒక టిక్కు.

ఇవాళ ఆఖరి రోజు.
మా వంటింట్లో పిండి డబ్బా అడుగున
నాన్న పిస్తోలు.
ఈ నెలంతా రొట్టెలకి పిండి తీస్తూ
గరిటె అడుగు తగలకుండా తీస్తున్నాను.
అది ఎవరిని కాపాడిందో
నాన్న ప్రతి పండక్కీ చెప్పేవాడు,
పేర్లు మారుతుండేవి.
ఎవరిని కాపాడలేదో
అమ్మ ఒక్కసారే చెప్పింది,
నాకు జడ అల్లుతూ, వెనక నుంచి,
నా మొహం తనకి కనపడకుండా.

నాలుగున్నర.
ఇన్‌స్పెక్టర్ తిహోమిర్ తాళాలు గలగలలాడిస్తూ
"అయిపోయినట్టేనా?" అంటాడు.
ఐదున్నర దాకా టైముంది కదా అంటాను.
ఇల్లు పావుగంట నడక. రానూ పోనూ అరగంట.
పుస్తకంలో ఒక్క రసీదు మిగిలింది.

కార్బన్ సర్ది, తేదీ వేశాను.
రకం దగ్గర పిస్తోలు అని రాశాను.
తుప్పు గడి వదిలేశాను, నాకు తెలీదు.
నంబరు గడీ ఖాళీయే.
అది చదవాలంటే
ముందు పిండి దులపాలి.